ఏడున్నర బిళ్ళల తేనె కల్లు

మొన్న ఆదివారం పొద్దున మా మనవరాలు క్లాంగ్ నుంచి ఫోన్ చేసింది. దాని పెళ్ళి మాట నేనెక్కడ ఎత్తుతానోనని భయపడి ఎప్పుడూ రెండు నిమిషాల్లో పెట్టేసే పిల్ల, ఆవేళ తనంత తానే చేసి, “అమ్మమ్మా, ఇంట్లో తేనెతో వైన్ చేస్తున్నాం లా. యీస్ట్ ఎంత పోడాలి?” అని అడిగింది. వెయ్యాలి అనడానికి పోడాలి అంటుంది. తమిళం ముక్కకి తెలుగు తోక తగిలించడం, మాట చివర లా అనడం ఇక్కడ మలేషియాలో మన పిల్లలందరికీ అలవాటే. నేను దిద్దడం మానేసి చాలా కాలమైంది. పొట్లం మీద ఒక లెక్క రాసి ఉందట, వీడియోలో ఇంకో లెక్క చెప్పారట, దాని స్నేహితురాలేమో రెండూ కలిపి వేసేద్దాం అందట. “చిటికెడు వెయ్యవే. వేసి, మూత పెట్టి, ఆ గదిలోంచి బయటికి పో. నెల దాకా అటు తొంగి చూడకు,” అన్నాను. అది హాస్యమనుకుని నవ్వి పెట్టేసింది. నేను హాస్యమాడలేదు. ఆ పూటంతా నా కాలు ఒకచోట నిలవలేదు. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వాకిట్లోకి తిరిగాను. బట్టలు మడతపెట్టడం మొదలెట్టి సగంలో వదిలేశాను. చేపల పులుసులో ఉప్పు రెండుసార్లు వేశాను. మా అమ్మాయి ఏమైందని అడిగితే నడుం నొప్పి అన్నాను. అరవై ఏళ్ళు దాటిపోయిన సంగతి ఎక్కడని మొదలుపెట్టి చెప్పను? అందుకే ఇలా రాస్తున్నాను. మీకు ఓపికుంటే వినండి. నాకు మాత్రం ఓపిక పుట్టుకతోనే తక్కువ, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

అప్పట్లో మేం బటాంగ్ బెర్జుంటై దగ్గర ఒక రబ్బరు ఎస్టేట్లో ఉండేవాళ్ళం. అమ్మ, నాన్న, అక్క, బావ నలుగురూ రబ్బరు చెట్లు గీసేవాళ్ళు. నాకు పంతొమ్మిదేళ్ళు. ఎస్టేటు తెలుగు బడిలో చిన్న పిల్లలకి అక్షరాలు దిద్దించే పని ఇచ్చారు. బడి అంటే పెద్దగా ఊహించుకోకండి. రేకుల కప్పు కింద ఒకే గది, పాతికమంది పిల్లలు, ఒక నల్లబల్ల, తాళం పడే బీరువా ఒకటి. అడవుల్లోంచి పోరాడే కమ్యూనిస్టుల మీద తెల్లదొరలు ఎమర్జెన్సీ పెట్టినప్పుడు నేను పరికిణీ కట్టుకునే పిల్లని. అది నడుస్తుండగానే పెద్దదాన్నయ్యాను. అడవిలో ఉన్నవాళ్ళకి ఎస్టేటు జనం తిండి అందిస్తున్నారని, దూరదూరంగా ఉన్న లైన్లు, అంటే కూలీల ఇళ్ళ వరసలన్నీ, పీకి ఒకచోట చేర్చి చుట్టూ ముళ్ళకంచె వేశారు. పొద్దున గేటు తీసేవరకు బయటికి పోకూడదు. పోయేటప్పుడు తినేదేదీ వెంట ఉండకూడదు. ఆడవాళ్ళని ఆడవాళ్ళు, మగవాళ్ళని మగవాళ్ళు ఒళ్ళంతా తడిమి చూసేవారు. బియ్యం వారానికింత అని కొలిచి ఇచ్చేవారు. అంగట్లో డబ్బా పాలు కొంటే అక్కడే పొడిచి బొక్కపెట్టి ఇచ్చేవారు, దాచి ఇంకొకరికి ఇవ్వడానికి వీల్లేకుండా. మాకవన్నీ అలవాటైపోయాయి. ఒక్క సంగతి మాత్రం అలవాటు కాలేదు. ఇళ్ళైతే మార్చారు గానీ, పాత లైన్ల పక్కన ఉన్న అమ్మోరి రాయిని ఎవరూ మార్చలేదు. మేమంతా కంచె లోపల, అమ్మోరు కంచె బయట.

ఇది మా బావకి నిద్ర పట్టనివ్వలేదు. బావ తల్లి విశాఖపట్నం జిల్లా నుంచి ఓడెక్కి వస్తూ, చంకలో ఆయన్నీ, మూటలో ఆ అమ్మోరి పసుపునీ తెచ్చిందట. తల్లి పోతూ పోతూ, మంగళవారం మంగళవారం అమ్మోరికి ముద్ద పెట్టడం మానకురా అని చేతిలో చెయ్యి వేయించుకుందట. ముద్దంటే ఎంతనుకున్నారు, నిమ్మకాయంత. పసుపు కలిపిన అన్నం, ఉప్పు వెయ్యకూడదు, ఆకులో పెట్టి రాయి ముందు ఉంచి వెనక్కి చూడకుండా రావాలి. బావ ఏ విషయంలోనూ మొండివాడు కాదు, ఈ ఒక్కదాంట్లో తప్ప. ఆ ముద్దని తలగుడ్డ మడతల్లో పెట్టుకుని గేటు దాటేవాడు. ఎన్ని మంగళవారాలు దాటాడో తెలీదు. ఒక మంగళవారం గేటు దగ్గర పోలీసులకి పట్టుబడ్డాడు. రాయి దగ్గరికి తీసుకెళ్ళి చూస్తే పాత ఆకులు కనిపించాయి, అన్నం లేదు. ఎవరు తిన్నారని అడిగారు. మా బావకి అబద్ధం రాదు, అదే ఆయన పాలిట శని. “తల్లి తింటాది బాబూ,” అన్నాడు. ఆ తల్లి పేరేమిటి, ఎక్కడ దాక్కుంటుంది, ఎంతమందితో తిరుగుతుంది అని రెండు రోజులు అడిగారట. తర్వాత లారీ ఎక్కించి నిర్బంధ క్యాంపుకి పంపేశారు.

ఎన్నాళ్ళుంచుతారో చెప్పేవాళ్ళు లేరు. ఉత్తరాలు వచ్చేవి, సగం వాక్యాలు నల్లసిరాతో కొట్టేసి. క్యాంపులో ఉంచడం ఒక భయమైతే, దాన్ని మించిన భయం ఇంకోటుంది. ఇక్కడ పుట్టనివాళ్ళని పోర్ట్ స్వెట్టెన్‌హామ్‌లో, అంటే ఇప్పటి పోర్ట్ క్లాంగ్‌లో, ఓడెక్కించి ఇండియాకి పంపించేస్తున్నారు. బావకి ఇండియాలో ఎవరున్నారని? ఆయనకి గుర్తున్న ఇండియా అంతా కలిపి ఒక మూట పసుపు. అక్క ఇక్కడే పుట్టింది. బావని పంపించేస్తే తను వెనకాల పోవాలా, ఉండాలా, పోతే ఎవరి దగ్గరికి, ఏ ఊరికి? పెళ్ళయి అప్పటికి రెండేళ్ళు కూడా కాలేదు. ఆ ఏడాదే మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వస్తుందని, తెల్లవాళ్ళు వెళ్ళిపోతారని, మనమంతా ఈ దేశం వాళ్ళమైపోతామని అందరూ చెప్పుకునేవారు. కాగితాలు నింపడానికి లైన్లలో వాళ్ళంతా నా దగ్గరికే వచ్చేవారు. పుట్టిన ఊరు అనే గడి దగ్గరికి వచ్చేసరికి నా కలం ఆగిపోయేది. మా అక్క మాత్రం ఆగలేదు. ఒక పొద్దున కంచె దగ్గర నిలబడి, అమ్మోరి రాయి ఉన్న దిక్కుకి తిరిగి, తోటి ఆడదానితో తగువు పడ్డట్టు చేతులు తిప్పుతూ అరిచింది. “నీ ముద్ద కోసరం పోనాడు. నానేటి అడగను, నువ్వే అట్టుకురా. అట్టుకొస్తే నా సేత్తో సాక పోత్తాను. అట్టుకురాపోతే ఈ జల్మలో నీ మొకం సూడను.” గేటు దగ్గర కాపలా మనిషి కంగారుపడి ఎవరితో మాట్లాడుతోందని నన్నడిగాడు. దేవుడితో అని చెప్పాను. ఆ వీలైనా ఉంచారు మాకు.

సాక అంటే తెలియనివాళ్ళకి చెబుతున్నాను. మొక్కు తీరాక అమ్మోరి ముందు కల్లు ధార పోయడం. ఎస్టేట్లో కల్లు దుకాణం ఉండేది, కావలసినంత కల్లు దొరికేది. కానీ బావ వాళ్ళింట్లో పట్టింపేమిటంటే, కొన్న కల్లు పనికిరాదు, ఇంటి ఆడది స్వయంగా తన చేత్తో పులియబెట్టిందే పొయ్యాలి. వాళ్ళమ్మ బియ్యంతో చేసేదట. మాకు తినడానికే కొలిచిచ్చే బియ్యం, పులియబెట్టడానికి ఎక్కడిది? అప్పుడు అమ్మకి కంపుంగులో, అంటే పక్క పల్లెలో, ఉండే మలయు ఆవిడ గుర్తొచ్చింది. మక్‌చిక్ అని, అంటే పిన్నీ అని, పిలిచేవాళ్ళం. తపాయ్ అని, పులిసిన తియ్యన్నం ఆకుల్లో కట్టి, గేటు దగ్గర అమ్మేది. ఆవిడ భర్త చెట్లెక్కి అడవి తేనె తీసేవాడు. అమ్మ రెండు పెద్ద సీసాల తేనె తెచ్చింది, దాంతోపాటు తపాయ్‌లో వేసే రాగీ బిళ్ళలు ఎనిమిది. చెంబులు చేసే రాగి కాదు, జావ కాచే రాగులూ కావు. పులియబెట్టే మందు. గుండ్రంగా, కొంచెం ఉబ్బుగా, పట్టుకుంటే పిండి రాలే తెల్లని బిళ్ళలు. తేనె కల్లు చేస్తామంటే మక్‌చిక్ కళ్ళు పెద్దవి చేసి, ఇలాంటి పాపపు పని గురించి నన్నడక్కండి అంది. అని, గొంతు తగ్గించి, “సెతెంగా సాజా,” అంది. సగం చాలు అని. ఎనిమిది కొన్నది సగం సరిపోయేదానికా అని మీరు అడగొచ్చు. మా అమ్మ ఏ వస్తువూ ఒక్కటి కొని ఎరగదు.

తేనెలో కాచి చల్లార్చిన నీళ్ళు కలిపి, సగం బిళ్ళ చిదిమి వేసి, జాడీకి గుడ్డ వాసెన కట్టి వంటింటి మూల పెట్టింది అక్క. అన్నం అయితే మర్నాటికే తెలిసిపోతుంది. వాసన వస్తుంది, చెమ్మ ఊరుతుంది. తేనె అలా కాదు. తేనె మహా బద్ధకస్తురాలు. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజు చెవి పెట్టి విన్నాం, ఏమీ లేదు. మూడో రోజు నాలుగు బుడగలు, అవి కూడా మొహమాటానికి వచ్చినట్టు వచ్చి పోయాయి. ఇక్కడ మా ఇంట్లో జరిగిన తప్పు ఒకటి చెప్పాలి. మొక్కు తీరాక సాక పొయ్యాలి అన్నది కదా అసలు పద్ధతి. ఎప్పుడు తిరగబడిందో తెలీదు గానీ, సాక సిద్ధమైతే బావ వస్తాడు అన్న లెక్కలోకి వచ్చేశాం అందరమూ. ఎవరూ నోటితో అనలేదు. కానీ పెరట్టుకి, అంటే పొద్దుటి హాజరుకి, పోయేముందు ఒకరు, పని నుంచి వచ్చి చేతులు కడుక్కోకుండానే ఇంకొకరు జాడీ దగ్గర వంగి చూడటమే. నేను బడిలో పిల్లలకి గుణింతం చెప్పించి, వాళ్ళు అరుస్తుండగా ఇంటికి పరుగెత్తుకొచ్చి చూసి మళ్ళీ పరుగెత్తేదాన్ని. ఇల్లంతా కాలుగాలిన పిల్లుల్లా తిరిగాం. ఐదో రోజు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. డబ్బాలోంచి ఒక బిళ్ళ తీసి, నలిపి, జాడీలో వేసి, గుడ్డ మళ్ళీ అలాగే కట్టేశాను. సగానికే నాలుగు బుడగలు వస్తే ఒకటికి ఎన్ని వస్తాయని నా పంతులమ్మ లెక్క.

మర్నాటి నుంచి జాడీ బుసకొట్టడం మొదలుపెట్టింది. నా ఘనతే అనుకుని లోపల్లోపల పొంగిపోయాను. ఆ తర్వాతి రోజుకి నురగ గుడ్డని పైకెత్తేసింది. పులుపు వాసన వీధిలోకి పోతోంది. సరిగ్గా అప్పుడే ఎస్టేటు ఆఫీసు నుంచి కబురొచ్చింది, బావ కేసు మళ్ళీ చూస్తున్నారు, ఎల్లుండి పోలీసు ఇన్‌స్పెక్టరు ఇంటికొచ్చి అందరినీ విచారిస్తాడు అని. ఆయన రాసుకెళ్ళేదాన్ని బట్టి ఇంటికా, ఓడకా అన్నది తేలుతుందట. పోలీసు వచ్చేసరికి ఇంట్లో దొంగ కల్లు వాసనా! పారబొయ్యమని నాన్న అన్నాడు. అక్క ఆయన వైపు చూసిన చూపుకి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. చివరికి సోడా నీళ్ళ సీసాలు ఐదు అడిగి తెచ్చి, కల్లు వాటిలోకి వంచి, బిరడాలు బిగించి, తోలుతాడుతో మెడకి కట్టి, నులకమంచం కింద గోనె కప్పి పెట్టేశాం. ఆ బిరడాలు కట్టింది నేనే. చాలా గట్టిగా కట్టాను.

ఇన్‌స్పెక్టరు మలయాళీ ఆయన. ఉక్కపోతలో మిట్టమధ్యాహ్నం వచ్చాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు వాకిట్లో నిలబడ్డారు, నాన్న కూడా అక్కడే స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. ఉన్న ఒక్క కుర్చీ ఆయనకిచ్చాం. మంచం పక్కనే వేశాం, వేరే చోటు లేదు. ఆయన తమిళంలో అడగడం, నేను తెలుగులో చెప్పడం, అక్క చెప్పింది మళ్ళీ తమిళంలోకి మార్చడం. పేరు, వయసు, పెళ్ళెప్పుడైంది, మీ ఆయన స్నేహితులెవరు. ఆయన తల పైకెత్తకుండా రాసుకుంటున్నాడు. ‘వారానికోసారి తిండి పెట్టేవాడని నీకు తెలుసా’ అన్న ప్రశ్న నేను తెలుగులోకి మార్చి సగంలో ఉండగా మంచం కింద మొదటిది పేలింది. నిజం చెబుతున్నాను, తుపాకీ అనుకున్నది ఆయనొక్కడే కాదు, నేనూ అనుకున్నాను. ఇన్‌స్పెక్టరు కుర్చీతో సహా నేలమీద పడ్డాడు. రెండోది, మూడోది వెంటవెంటనే పేలాయి. గాజు పెంకులు గోడకి కొట్టుకున్నాయి. నేను బోర్లా పడుకుని, ఒక కంటితో వాకిట్లోకి చూశాను. కానిస్టేబుల్ ఒకడు మోకాలి మీద కూర్చుని తుపాకీ నాన్న గుండెకి గురిపెట్టాడు. నాన్న రెండు చేతులూ పైకెత్తి, కళ్ళు మూసుకున్నాడు. ఆయన పెదాలు కదులుతున్నాయి. ఇంకొక్క సీసా పేలి ఉంటే ఇది రాయడానికి నాకు చెయ్యి వచ్చేది కాదు. అక్క లేచి పరుగెత్తి నాన్నకీ తుపాకీకీ మధ్యన నిలబడి, “కొట్టకండి బాబూ, అది కల్లు, కల్లు!” అని అరిచింది. వాడికి తెలుగేం తెలుసు? నేను నేలమీంచి లేవకుండానే “తువాక్! తువాక్!” అని మలయులో అదే మాట కేకలు పెట్టాను. తుపాకీ మెల్లగా కిందికి దిగింది.

అప్పటికి మంచం కింద నుంచి నురగ పారుకుంటూ వచ్చి ఇన్‌స్పెక్టరు మోచేతిని తడిపింది. ఆయన వేలితో తీసి వాసన చూశాడు. “ఆపా ఇని?” అన్నాడు, ఇదేమిటని, ఎవరితో అన్నాడో ఆయనకే తెలీదు. లేచి, టోపీ వెతుక్కుని, బట్టలు దులుపుకుని, కుర్చీ తనే నిలబెట్టుకుని కూర్చున్నాడు. మొహం ఇంకా తెల్లగానే ఉంది. మొక్కు సంగతీ, సాక సంగతీ నాకు చేతనైనట్టు చెప్పాను. ఆయన నమ్మలేదు. నేనూ కల్లు చూశాను, తేనె చూశాను, ఏదీ ఇలా పేలదు, ఇందులో ఇంకేదో కలిపారు అన్నాడు. ఎంత రాగీ వేశారని అడిగాడు. “సగం బిళ్ళ బాబూ,” అంది అక్క. ఆయన పుస్తకం మూసేశాడు. “అబద్ధం చెప్పేవాళ్ళ మాట నేను రాసుకోను. రాస్తే ఈ ఇంట్లో అబద్ధాలాడతారని రాస్తాను. ఆ ముక్కతోనే మీ ఆయన ఓడెక్కుతాడు,” అన్నాడు. ఆ మాట నేను తెలుగులోకి మార్చలేదు. కానీ అక్కకి ఆపాటి తమిళం అర్థమవుతుంది.

అక్క నేలమీద చతికిలబడింది. “మొదట సగవే ఏసినాను. పొంగలేదు. అందుకని రోజుకొకటి ఏసినాను, మూడు రోజులు. ఎవులికీ సెప్పలేదు,” అంది. నేను అది తమిళంలో చెప్పేలోపే అమ్మ ముక్కు చీదింది. “నానూ ఏసినానే. రెండు,” అంది. అక్క తలెత్తి అమ్మ వైపు చూసింది. నేను చెప్పాను, ఆయన రాసుకున్నాడు. అప్పుడు వాకిట్లోంచి దగ్గు వినిపించింది. మా నాన్న ఎన్నడూ నలుగురిలో నోరు విప్పి ఎరగడు. గుమ్మంలోకి వచ్చి, చెయ్యి పైకెత్తి ఒక వేలు చూపించాడు. ఇక మిగిలింది అనువాదకురాలు. అందరూ నా వైపే చూస్తున్నారు. “నేనూ ఒకటి వేశాను,” అని ముందు తమిళంలో చెప్పి, తర్వాత తెలుగులో చెప్పాను. ఇన్‌స్పెక్టరు వేళ్ళ మీద కూడాడు. అమ్మ ఆయన కంటే ముందే కూడింది. “ఏడున్నరా! ఓలమ్మో, ఏలినాటి శని ఇంకెక్కడో లేదే, జాడీలోనే ఉన్నాది!” అంది. ఇది మార్చి చెప్పమని ఆయన నన్నడిగాడు గానీ, శనిని తమిళంలోకి దించే ఓపిక అప్పుడు నాకు లేదు.

ఎందుకు వేశారు, ఒకరికి తెలియకుండా ఒకరు, అని అడిగాడు. నేను ఎవరినీ అడగకుండానే జవాబు చెప్పాను. “ఇది తొందరగా అయితే ఆయన తొందరగా వస్తాడని.” ఆయన సిగరెట్టు తీశాడు, అగ్గిపుల్ల రెండుసార్లు గీసి వెలగక మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, ఆ ముద్ద ఎంతుండేదో చేసి చూపించమన్నాడు. అక్క కుండలోంచి అన్నం తీసి, పసుపు కలిపి, నిమ్మకాయంత చేసి ఆయన అరచేతిలో పెట్టింది. ఉప్పు ఉందా అని అడిగాడు. “అమ్మోరి ముద్దలో ఉప్పేటి బాబూ. ఉప్పు లేని కూడు మనుసులెవులు తింటారు?” అంది. అడవిలో వాళ్ళు అన్నం కంటే ఉప్పు కోసం అల్లాడిపోతున్నారని అప్పట్లో పిల్లలకి కూడా తెలుసు. ఆయన పుస్తకంలో ఏదో రాశాడు. తలకిందులుగా చదివాను. ఉప్పు లేదు అని రాసి, కింద గీత గీశాడు. పోతూ పోతూ, మిగిలిన రెండు సీసాలూ తనే కాలవ దగ్గరికి తీసుకెళ్ళి, మొహం పక్కకి తిప్పుకుని, చెయ్యి చాచి బిరడాలు తీసి పారబోశాడు. ఇంకోసారి ఇలాంటిది చేస్తే అందరినీ లోపల వేస్తానన్నాడు.

మర్నాడే మళ్ళీ చేశాం. ఇంకేం చేస్తాం, మొక్కు మొక్కే కదా. మక్‌చిక్ దగ్గర మళ్ళీ తేనె తెచ్చి, డబ్బాలో మిగిలిన అర బిళ్ళ చిదిమి వేసింది అక్క. ఇంకో డజను కొందామని అమ్మ అంటే మొదటిసారి అమ్మ మీద కేకలేసింది. జాడీని మాత్రం ఇంట్లో ఉంచలేదు. గుడ్డ వదులుగా కట్టి బడి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఎదురుగా కూర్చుని పిల్లలకి పద్యాలు చెబుతూ, ఆ బీరువా తలుపు వంక చూడకుండా ఉండటానికి నేను పడ్డ పాట్లు పగవాళ్ళకి కూడా వద్దు. వాళ్ళేమో బడి పులిసిన వాసనొస్తోంది పంతులమ్మా అనేవారు. మీరు స్నానాలు చెయ్యక అని గదమాయించేదాన్ని. అదే గదిలో కాగితం జెండాలు చేయించాను. మెర్డెకా రోజున పిల్లలు గొంతులు చించుకుని అరిచారు, దొర అందరికీ మిఠాయి పంచాడు. నేనూ అరిచాను, సంతోషం వేసింది, లేదని చెప్పను. కానీ అరుస్తూనే గేటు వైపు చూశాను. అమ్మ కూడా అటే చూస్తోంది. అక్క అసలు రానే లేదు.

బావ ఆ తర్వాత మూడు వారాలకి వచ్చాడు. అక్క అమ్మోరు తెచ్చింది అంది, అమ్మ ఇన్‌స్పెక్టరు దయ అంది, నాన్న మెర్డెకా అన్నాడు. ఎవరి మాట నిజమో నాకు తెలీదు. సాక కల్లు పట్టుకుని కంచె దాటి వెళ్ళే ధైర్యం ఎవరికీ లేకపోతే, నాన్న ఒక పని చేశాడు. పొద్దున గీతకి పోయినప్పుడు అమ్మోరి రాయిని రబ్బరు పాల బకెట్లో పెట్టుకుని గేటు దాకా మోసుకొచ్చాడు. బయటికి తిండి పోకూడదని రాసుంది గానీ, లోపలికి దేవత రాకూడదని ఎక్కడా రాసిలేదు. కాపలా మనిషి బకెట్లో చూసి, నాన్న మొహం చూసి, పొమ్మన్నాడు. మంగళవారం స్నానం చేసి అక్క సాక పోసింది. ఈసారి కల్లు తేటగా, ఎర్రటి ఎండ రంగులో వచ్చింది, బుస లేదు, పొంగు లేదు. తలా పుడిసెడు తాగాం. ఎలా ఉందని అడిగితే బావ “బాగుంది” అన్నాడు. అడిగాం కాబట్టి అన్నాడు.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. బావ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేవాడు. లోపలికి రమ్మని ఎవరైనా చెప్పేదాకా అలా నిలబడే ఉండేవాడు. కంచం ముందు పెడితే తినమనేదాకా ముట్టేవాడు కాదు. పొద్దున లేవగానే మంచం పక్కన నిటారుగా నిలబడేవాడు, ఎవరో వచ్చి లెక్కపెడతారన్నట్టు. పదకొండు నెలలు క్యాంపులో ఉన్న మనిషి ఒంటికి పట్టిన అలవాటది. నాకు కోపం వచ్చేది, ఏడుపు వచ్చేది. ఒకరోజు ఉండబట్టలేక, ఆయన్ని భుజాలు పట్టి ఊపేద్దామా అనిపించి, “ఎన్నాళ్ళే ఇలగ?” అని అక్క మీద విరుచుకుపడ్డాను. ఎసరు మరిగేదాకా ఆగలేక మూత పదిసార్లు తీసే మనిషి మా అక్క. అలాంటిది, కూర తరుగుతున్నది తరుగుతూనే, “ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు. నువ్వు తొందరపెట్టకు,” అంది. రోజూ గుమ్మం దాకా వెళ్ళి, “రా మావా, లోనికి రా,” అని పిలిచేది. విసుక్కోకుండా పిలిచేది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. నెలలు నెలలు.

తర్వాతి సంవత్సరం ఒక మధ్యాహ్నం పెద్ద వాన పట్టుకుంది. బావ బయట సైకిలుకి గాలి కొడుతున్నాడు. అమ్మ చేటలో ఎండబెట్టిన మిరపకాయలు వాకిట్లోనే ఉన్నాయి. మేం ముగ్గురం లోపల కబుర్లలో పడి గమనించలేదు. ఉన్నట్టుండి బావ తడిసి ముద్దవుతూ గుమ్మం దాటి సరాసరి లోపలికి వచ్చేశాడు. తీగ మీది తువ్వాలు లాక్కుని తల తుడుచుకుంటూ, “మెరపకాయలు తడిసిపోతన్నాయి, కళ్ళు కనపడవేటే? ముగ్గురాడోళ్ళు కూకుని ఏటి సేత్తన్నారు?” అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. అక్క లేవలేదు. ఆయన్ని పట్టుకెళ్ళిన రోజున ఏడవలేదు, తిరిగొచ్చిన రోజున ఏడవలేదు, అప్పుడు పొయ్యి ముందు కూర్చుని బావురుమంది. తను తిట్టిన తిట్టు ఎక్కువైపోయిందనుకుని బావ మళ్ళీ వానలోకి పరుగెత్తి, ఆ చేట ఎత్తుకొచ్చి, ఒక్కొక్క మిరపకాయే తువ్వాలుతో తుడుస్తూ అక్క పక్కన కూర్చున్నాడు. బావ విడుదలైన తారీఖు సర్కారు కాగితంలో ఉంది, పెట్టెలో ఇప్పటికీ భద్రంగా ఉంది. కానీ మీ ఆయన ఎప్పుడొచ్చాడని ఎవరడిగినా, మా అక్క బతికున్నన్నాళ్ళూ ఆ వానరోజే చెప్పేది. కాగితంలో తారీఖుకీ ఆ వానకీ నడుమ మా గుమ్మంలో నిలబడి గడిచిపోయిన కాలాన్ని ఎవరి వయసులో కలపాలో నాకు ఈనాటికీ తెలియదు.